బంధువుల వంశవృక్షం ఫైలును మన ఫైలులో కలిపే ముందు, మన ఫైలును వారికి పంపే ముందు ఏం చూసుకోవాలి?

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి వైపు వంశవృక్షాన్ని నేను పన్నెండేళ్లుగా వంశావళులు రాసుకునే కంప్యూటరు ప్రోగ్రామైన గ్రాంప్స్‌లో నమోదు చేస్తున్నాను. ఇప్పటికి సుమారు 1,100 మంది పేర్లు చేరాయి. తద్దినాల నాడు పురోహితులు చెప్పించే మూడు తరాల పేర్లు, పాత శుభలేఖలు, పొలం దస్తావేజులు నాకు ప్రధాన ఆధారాలు. కిందటి నెలలో మా ముత్తాతగారి చెల్లెలి సంతతికి చెందిన ఒక బంధువు డాలస్ నుంచి ఫోన్ చేశారు. తన దగ్గర దాదాపు 3,900 మంది వివరాలున్న, వంశావళిని ప్రోగ్రాముల మధ్య మార్చుకోవడానికి వాడే జెడ్‌కామ్ ఫైలు ఉందని, నా ఫైలు కూడా పంపితే రెండింటినీ కలిపి ఒకటే చేసేద్దామని అన్నారు.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మా ఇంటి కాగితాల్లో ఆడపడుచుల కథ పెళ్లితో ఆగిపోతుంది. ‘పిఠాపురం ఇచ్చాము’, ‘అమలాపురం ఇచ్చాము’ అన్న మాట తప్ప ఆ తరువాత వారికి ఎందరు పిల్లలో, ఎక్కడ స్థిరపడ్డారో రాసినవారు లేరు. ఆ సంగతులు అవతలి ఇంటి ఫైలులోనే దొరుకుతాయి.

అయినా నేను వెంటనే ఒప్పుకోలేకపోయాను. 2016లో ఒక దూరపు బంధువు అడిగితే నా ఫైలును ఉన్నది ఉన్నట్టుగా పంపించాను. రెండేళ్లలో అది ఒక విదేశీ వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగేలా ప్రత్యక్షమైంది. మా మేనకోడలి పుట్టినతేదీ, మా చెల్లెలి మొదటి వివాహం రద్దయిన సంగతి, దాని గురించి నాకోసం నేను రాసుకున్న నాలుగు వాక్యాలు, అన్నీ అందులో ఉన్నాయి. పలుమార్లు ఉత్తరాలు రాస్తే చివరికి తీసివేశారు కానీ, అప్పటికే వేరే ఎందరు నకలు తీసుకున్నారో తెలియదు. మా చెల్లెలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ తరువాత తన పిల్లల గురించి నాకు ఏదీ చెప్పడం మానేసింది.

అందుచేత రెండు విషయాల్లో మీ సలహా కోరుతున్నాను. డాలస్ ఫైలును నా ఫైలు పాడుకాకుండా ఎలా కలుపుకోవాలి? నా ఫైలును ఎవరికీ హాని కలగకుండా ఎలా పంపాలి?

అక్షరపేటిక (హైదరాబాదు)

గౌతమీతీరం గారూ, ముందుగా కలపడం గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే తొందరపడతారు.

జెడ్‌కామ్ ఫైలు అసలు మామూలు పాఠ్యమే. లేటర్ డే సెయింట్స్ చర్చివారు 1984లో, ఒక ప్రోగ్రాములోని వంశావళిని మరొక ప్రోగ్రాము చదువుకోవడానికి వీలుగా ఈ పద్ధతిని రూపొందించారు. కాబట్టి డాలస్ ఫైలు రాగానే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి ఇరవై వరుసలు చదవండి. ఏ ప్రోగ్రాము నుంచి వచ్చిందో, ఏ సంచికలో (వెర్షన్) ఉందో, అక్షరాలను ఏ సంకేత పద్ధతిలో దాచారో అక్కడే రాసి ఉంటుంది. ‘యూటీఎఫ్-8’ అని ఉంటే తెలుగు అక్షరాలు క్షేమంగా వస్తాయి. ‘ఆన్సెల్’ అనో ‘ఆన్సీ’ అనో ఉంటే తెలుగులో రాసినదంతా ప్రశ్నార్థకాలుగా మారిపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ ఫైలును బాగుచేయాలని కూర్చోకుండా, యూటీఎఫ్-8లో మళ్లీ ఎగుమతి చేయమని వారినే అడగడం మేలు. 2021లో వచ్చిన 7.0 సంచికలో యూటీఎఫ్-8 తప్పనిసరి అయింది కానీ, ఇప్పటికీ ఎక్కువ ప్రోగ్రాములు 5.5.1 సంచికలోనే ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఆ పాత పద్ధతిలో పొడవైన వ్యాఖ్యను ముక్కలుగా విరిచి దాస్తారు. ఒక్కొక్క తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు కావాలి కనుక, సరిగా రాయని ప్రోగ్రాములు అక్షరం మధ్యలోనే విరిచేస్తాయి. వ్యాఖ్యల్లో అక్కడక్కడ నల్లని డబ్బాలు కనిపిస్తే కారణం అదే.

ఇక అసలు జాగ్రత్త ఏమిటంటే, వచ్చిన ఫైలును ఎప్పుడూ మీ వృక్షంలోకి నేరుగా దిగుమతి చేయకండి. గ్రాంప్స్‌లో ఒక కొత్త ఖాళీ వృక్షం తెరిచి, దాన్ని అందులోకి దించండి. దిగుమతి సమయంలో ప్రతి నమోదుకూ ఒక గుర్తును, ఒక ఆధారాన్ని తనంతట తానే తగిలించే వెసులుబాటు గ్రాంప్స్ అమరికల్లో ఉంది. ఎవరి ఫైలో, ఏ తేదీన వచ్చిందో అక్కడ పెట్టండి. వచ్చిన అసలు ఫైలును ముట్టుకోకుండా వేరే చోట భద్రపరచండి. తరువాత రెండు వృక్షాలను పక్కపక్కన పెట్టుకుని, మీకు నమ్మకం కలిగినవారిని మాత్రమే ఒక్కొక్కరినిగా మీ వృక్షంలోకి తెచ్చుకోండి. ఇద్దరిని కలిపేసి ప్రోగ్రాము మూసేశాక వెనక్కి వెళ్లే దారి ఉండదు, ఎందుకంటే గ్రాంప్స్‌లో చేసిన మార్పులను రద్దుచేసే జాబితా ఆ పూటకే ఉంటుంది. అందుకే ప్రతిసారీ కూర్చునే ముందు పూర్తి నకలు తీసుకోవాలి.

3,900 మందిని ఇలా చూడటానికి నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

పంచాంగం (నెల్లూరు)

అక్షరపేటిక గారు చెప్పినదానికి మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చేరుస్తాను. సంభావ్య నకళ్లను, అంటే రెండుసార్లు నమోదై ఉండగల మనుషులను, వెతికిపెట్టే పనిముట్టును నేను మొదటిసారి నడిపినప్పుడు, అది మా తాతగారిని, మా పెదనాన్నగారి పెద్దకొడుకును ఒకే మనిషిగా చూపించింది. మనవడికి తాత పేరు పెట్టడం మనకు ఆచారం కనుక ఇంటిపేరు, పేరు రెండూ ఒకటే. పుట్టిన ఊరు ఒకటే. పైగా ఇద్దరి జాతకాల్లోనూ సంవత్సరం ‘విరోధి’ అనే ఉంది. తాతగారిది 1889 ఉగాది నుంచి 1890 ఉగాది వరకు నడిచిన విరోధి, మనవడిది 1949 ఉగాది నుంచి 1950 ఉగాది వరకు నడిచిన విరోధి. మా బంధువొకరు ఆ తెలుగు సంవత్సరాన్ని ఇంగ్లీషు సంవత్సరంగా మార్చేటప్పుడు తాతగారికి కూడా 1949 అని వేశారు. ఆ ఒక్క అంకె వలన తాత, మనవడు ఒకరిలో ఒకరు కలిసిపోయి, మా పెదనాన్నగారు తన కొడుక్కే కొడుకయ్యారు.

అందువలన అవతలి ఫైలులో నెల, తిథి తెలియకుండా ఇంగ్లీషు సంవత్సరం మాత్రమే కనిపిస్తే, అది దేని నుంచి లెక్కగట్టారో తప్పకుండా అడగండి. జాతకంలో ఉన్న సంవత్సరనామం, మాసం, తిథి, నక్షత్రం ఉన్నవి ఉన్నట్టుగా ఒక వ్యాఖ్యలో రాసి, మార్చిన తేదీని దాని పక్కన పెట్టడం ఉత్తమం. షష్టిపూర్తికి పిలిచే సంవత్సరనామం అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుందన్న సంగతి మనకు తెలిసినా, యంత్రానికి తెలియదు.

మధుమాలతి (వరంగల్లు)

కలపడం గురించి పెద్దలు చెప్పారు కనుక నేను పంపడం గురించి రాస్తాను. గౌతమీతీరం గారి చెల్లెలి సంగతి చదివాక మనసు చివుక్కుమంది. మన దగ్గర వంశవృక్షం రాసేవారిలో ఎక్కువమంది మగవారు. ఫైలు బయటికి పోతే ఇబ్బంది పడేవారిలో ఎక్కువమంది ఆడవారు. విడాకులు, రెండో వివాహం, కులాంతర వివాహం, పిల్లలు కలగకపోవడం వంటివి బంధువులకు తెలిసిన విషయాలే కావచ్చు. కానీ బంధువులకు తెలియడం వేరు, లోకమంతా వెతుక్కోగలిగేలా ఉండటం వేరు.

పరువు సంగతి పక్కన పెట్టినా డబ్బు సంగతి ఉంది. తల్లి పుట్టింటి ఇంటిపేరు ఏమిటని భద్రత కోసం అడిగే బ్యాంకులు ఉన్నాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవడానికి కావలసిన సంకేతపదం పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. వంశవృక్షంలో ఈ మూడూ ఒకే పుటలో ఉంటాయి. ‘నేను మీ మేనమామ గారి తోడల్లుడిని’ అని ఫోన్ చేసి, నలుగురు బంధువుల పేర్లు వరుసగా చెప్పేవాడిని మన పెద్దవాళ్లు ఇట్టే నమ్ముతారు.

కనుక బతికి ఉన్నవారిని తీసివేసి ఎగుమతి చేయండి. అయితే ప్రోగ్రాము మీద పూర్తిగా భారం వేయకండి. మరణతేదీ లేనివారు బతికి ఉన్నారా లేదా అన్నది గ్రాంప్స్ ఊహించి చెబుతుంది. మామూలుగా 110 ఏళ్లు దాటితే లేరని అనుకుంటుంది. పుట్టినతేదీ తప్పుగా పడితే ఆ ఊహ కూడా తప్పుతుంది. పంచాంగం గారు చెప్పిన పొరపాటు తిరగబడి మనవడికి 1889 అని పడిందనుకోండి, నిక్షేపంగా బతికి ఉన్న మనిషి వివరాలన్నీ చనిపోయినవారి వివరాలుగా బయటికి వెళతాయి. ఇంకొక సంగతి కూడా ఉంది. తల్లి పేరును దాచినా, చనిపోయిన తాతగారి వ్యాఖ్యలో ‘ఈయన రెండో కుమార్తె ఫలానా, భర్త ఫలానా సంస్థలో ఇంజనీరు, ఇద్దరు పిల్లలు’ అని రాసి ఉంటే, దాచినదంతా అక్కడ బయటపడుతుంది. ఎగుమతి అయిన ఫైలును మళ్లీ నోట్‌ప్యాడ్‌లో తెరిచి, మీ పిల్లల పేర్లు, మీ చెల్లెలి పేరు ఒక్కొక్కటిగా వెతికి చూడండి. ఒక్కటి దొరికినా పంపకండి.

ముత్తాతమాట (తెనాలి)

మధుమాలతి గారి ఆవేదన నాకు అర్థమైంది. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇలా దాచుకుంటూ పోతే మిగిలేది ఏమిటి? నాకు 74 ఏళ్లు. నా తరంలో మాకు వరుసలు తెలిసినవారు ముగ్గురమే మిగిలాము. 1990లలో మా మేనత్తను అడిగి రాసుకున్న పేర్లను ఒక బంధువు ‘తరువాత ఇస్తాను’ అని తన దగ్గరే ఉంచుకున్నారు. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ నోటు పుస్తకం పాత కాగితాలతో కలిసి వెళ్లిపోయింది. మా మేనత్త కూడా లేరు. ఆ పేర్లు ఇక ఎక్కడా లేవు. ఫైలు ఎవరికీ ఇవ్వకపోవడం వలన జరిగే నష్టాన్ని కూడా ఎవరైనా లెక్కపెట్టాలి.

పైగా బతికి ఉన్నవారందరినీ తీసేస్తే, అవతలివారు మనవారిని ఏ ఆధారంతో గుర్తుపట్టాలి? ఫోన్ చేసి మాట్లాడటానికి మనుషులే లేని వృక్షంతో పరిశోధన సాగదు.

పాతదస్తావేజు (గుంటూరు)

నేను ముప్పై అయిదేళ్లు సివిల్ కోర్టుల్లో న్యాయవాదిగా పనిచేశాను. భాగపంపకాల దావాలో మొట్టమొదట కనిపించేది వంశవృక్షమే. అందుకని ఈ చర్చలో ఇంతవరకు రాని ఒక సంగతి చెబుతాను.

మీరు బతికి ఉన్నవారిని తీసివేసి పంపినప్పుడు, అవతలి ఫైలులో ఆ స్థానం ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీకి మూడు అర్థాలు ఉండవచ్చు. ఆ దంపతులకు పిల్లలు లేరు, లేదా ఉన్నారో లేదో రాసినవారికి తెలియదు, లేదా ఉన్నారు కానీ చెప్పలేదు. రెండు మూడు చేతులు మారేసరికి ఎవరో ఒకరు అక్కడ ‘నిస్సంతు’ అని రాసేస్తారు. ఆ మాట ఎంత బరువైనదో కోర్టు గుమ్మం తొక్కినవారికి తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణతోను, దేశమంతటికీ 2005 సవరణతోను కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మతః హక్కు వచ్చింది. అటువంటప్పుడు కుమార్తెలను వదిలేసిన ఒక వృక్షం ఊళ్లో చేతులు మారుతూ తిరగడం మంచిది కాదు. కంప్యూటరు ఫైలు తనంతట తాను సాక్ష్యం కాదు, నిజమే. కానీ దాన్ని చూసి మనుషులు ఒక అభిప్రాయానికి వస్తారు, ఆ అభిప్రాయంతోనే కాగితాలు తయారుచేయిస్తారు.

దత్తత విషయం ఇంకా సున్నితమైనది. దత్తత వెళ్లినవారికి ఇంటిపేరు, గోత్రం మారతాయి. ఒక ఫైలులో కన్న తండ్రి కింద, మరొక ఫైలులో పెంచిన తండ్రి కింద అదే మనిషి కనిపిస్తాడు. రెండింటిలో ఒకటి తప్పని అనుకుని ఒకదాన్ని చెరిపివేసినవారిని నేను చూశాను. 1956 నాటి దత్తత చట్టం ప్రకారం కూడా, కన్న కుటుంబంలో ఎవరెవరిని వివాహం చేసుకోకూడదో ఆ నిషేధం దత్తత తరువాత కొనసాగుతుంది. అంటే రెండు సంబంధాలూ నిజమే, రెండింటినీ ఉంచాలి.

డేటా పరిరక్షణ కోసం 2023లో వచ్చిన చట్టం గురించి ఎవరైనా అడుగుతారేమో. ఒక వ్యక్తి తన సొంత అవసరాలకు, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి అది వర్తించదు. దాని మాట చెప్పి మన బాధ్యత తీరిందని అనుకోవడం మాత్రం నాకు నచ్చదు.

అక్షరపేటిక (హైదరాబాదు)

పాతదస్తావేజు గారూ, మీరు చెప్పిన ఖాళీకి జెడ్‌కామ్‌లోనే కొంత పరిష్కారం ఉంది. ఒక దంపతులకు మొత్తం ఎందరు పిల్లలో అంకె మాత్రం చెప్పే గుర్తు 5.5.1లో ఉంది. పేర్లు ఇవ్వకుండా ‘4’ అని రాయవచ్చు. దానికి తోడుగా ‘సంతానం వివరాలు ఇవ్వలేదు, సంప్రదించండి’ అని ఒక వ్యాఖ్య పెడితే నిస్సంతు అన్న అపోహ రాదు. కన్నవారు, దత్తత తీసుకున్నవారు అన్న తేడాకు కూడా గుర్తు ఉంది కనుక ఒకే మనిషికి ఇద్దరు తండ్రుల్ని నిస్సంకోచంగా చూపవచ్చు.

ఫొటోల విషయం మరిచిపోయాను. ఫైలుతో పాటు ఫొటోలు పంపితే, ఫోనులో తీసిన ఫొటోలో ఇంటి స్థానం అంకెల రూపంలో దాగి ఉండే అవకాశం ఉంది. మొదటి విడతలో ఫొటోలు వద్దు.

కోరంగిరేవు (విశాఖపట్నం)

ముత్తాతమాట గారి బాధలో న్యాయం ఉంది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇక్కడి ఊళ్లను వెతికిపెట్టడంలో నేను సాయం చేస్తుంటాను కాబట్టి, పంచుకోకపోతే ఏమి పోతుందో నాకు రోజూ కనిపిస్తుంది.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,50,000కు పైగా మంది ఒప్పంద కూలీలుగా డర్బన్ ఉన్న ప్రాంతమైన నేటాల్‌కు వెళ్లారు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు ఉంటాయి. కానీ గుమస్తా చెవికి వినిపించినట్టు రాసిన పేర్లు అవి. ఇంటిపేర్లు చాలావరకు పోయాయి. ‘నాయుడు’, ‘రెడ్డి’ వంటివే వంశనామాలుగా నిలిచాయి. అక్కడి ఫైళ్లను పేరు చూసి కలిపితే గంగలో కలిసినట్టే. అయితే వలస వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్య రెండు ఫైళ్లలోనూ ఒకటైతేనే మేము ఆ ఇద్దరినీ ఒకరిగా భావిస్తాము, పేరు ఎంత చక్కగా కుదిరినా సంఖ్య లేకపోతే కలపము.

ఇక్కడి మన కుటుంబాలకు అటువంటి సంఖ్య లేదు. అందువలన పేరు ఒక్కటే కాకుండా కనీసం మరో రెండు సంబంధాలు కుదరాలని నేను నియమం పెట్టుకున్నాను. తండ్రి పేరు, పుట్టింటి ఊరు కుదరాలి, లేదా భార్య పేరు, ఆమె తండ్రి పేరు కుదరాలి. ఉచ్చారణను బట్టి పేర్లను పోల్చే సౌండెక్స్ అనే పద్ధతి చాలా ప్రోగ్రాముల్లో ఉంటుంది కానీ, అది పేరులోని మొదటి అక్షరాన్ని మార్చదు. ఎర్రయ్య అన్న పేరును ఇంగ్లీషులో ఒకరు ‘ఇ’తో, మరొకరు ‘వై’తో రాస్తారు. ఓబులేసును ఒకరు ‘ఓ’తో, మరొకరు ‘వి’తో రాస్తారు. ఆ పద్ధతికి వారు ఎన్నటికీ ఒకరు కారు. అంటే యంత్రం ఒకచోట కలపకూడనివారిని కలుపుతుంది, మరొకచోట కలపవలసినవారిని విడదీస్తుంది.

మేనరికాలున్న కుటుంబాల్లో ఇంకొంచెం ఓపిక కావాలి. అక్క కూతురిని చేసుకున్నవారు ఒక శాఖలో మేనమామగా, మరొక శాఖలో అల్లుడిగా రెండుసార్లు నమోదై ఉంటారు. అక్కడ నిజంగానే కలపాలి. వెనకాడితే ఒకే కుటుంబం రెండు కుటుంబాలుగా మిగిలిపోతుంది.

మధుమాలతి (వరంగల్లు)

ముత్తాతమాట గారూ, మీ మేనత్తగారి నోటు పుస్తకం సంగతి నన్ను ఆలోచింపజేసింది. దాచిపెట్టమని నా ఉద్దేశం కాదు. చనిపోయినవారి వివరాలన్నీ ధారాళంగా ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. బతికి ఉన్నవారి విషయంలో మాత్రం ఫైలుకు బదులు మనిషిని కలపవచ్చు. ‘ఈ శాఖ సంగతులు తెలిసినవారు ఫలానా చోట ఉన్నారు, వారిని అడిగి మీకు చెబుతాను’ అని రాస్తే పరిశోధన ఆగదు. అడిగినప్పుడు వద్దనేవారికంటే ‘రాసుకోండి’ అనేవారే ఎక్కువని నా అనుభవం. అడగకుండా రాసుకోవడమే వారికి కష్టం కలిగిస్తుంది.

ముత్తాతమాట (తెనాలి)

ఆ పద్ధతికి నేను ఒప్పుకుంటాను. అయితే అడగడాన్ని వాయిదా వేయకండి. ఈ నెలలోనే అడగండి.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

రెండు నెలల తరువాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

డాలస్ బంధువుకు మీ అందరి మాటలు చదివి వినిపించాను. ఆయన నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను కానీ, తన ఫైలులో సగం పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తనకే తెలియదని, కొన్ని వేరొకరి వృక్షం నుంచి ఒక్క మీటతో తెచ్చుకున్నవని ఆయనే చెప్పారు. ఇద్దరం మొత్తం ఫైలు జోలికి పోకుండా, మా ముత్తాతగారి తండ్రి నుంచి దిగివచ్చిన నాలుగు తరాలను మాత్రం, అందులోనూ చనిపోయినవారిని మాత్రమే మార్చుకున్నాము. దీన్ని మరెవరికీ పంపాలన్నా, ఏ సైటులోనైనా పెట్టాలన్నా ఒకరినొకరు అడగాలని ఫైలు మొదట్లోనే రాసుకున్నాము. పంపే ముందు నోట్‌ప్యాడ్‌లో వెతికితే, మధుమాలతి గారు హెచ్చరించినట్టే, మా పెద్దమ్మగారి మరణ వ్యాఖ్యలో మా చెల్లెలి ఫోన్ నంబరు దొరికింది. కర్మకాండల నాడు ఎవరికి కబురు చేయాలో అక్కడ రాసుకున్నాను, తరువాత మరిచిపోయాను.

ఆ నాలుగు తరాల్లో ఇప్పటికి 63 మందిని ఆధారాలతో కుదిర్చాము. మా కాగితాల్లో ‘పిఠాపురం ఇచ్చాము’ అన్న మాటతో ఆగిపోయిన ముత్తాతగారి చెల్లెలికి ఏడుగురు పిల్లలని, ఆమెను అత్తవారింట్లో వేరే పేరుతో పిలిచేవారని తెలిసింది. మా ఫైలులో ఆమె పేరు సీతమ్మ, వారి ఫైలులో మహాలక్ష్మి. పేరు చూసి వెతికితే ఏ యంత్రమూ ఆ ఇద్దరినీ కలిపి ఉండేది కాదు. తండ్రి పేరు, పుట్టిల్లు, భర్త తండ్రి పేరు మూడూ కుదిరాకే ఒకరిగా కలిపాము. రెండు పేర్లనూ ఉంచాము.

మా చెల్లెలిని కూడా అడిగాను. తన పేరు, పిల్లల పేర్లు నా దగ్గర ఉంచుకోవచ్చని, తేదీలు మాత్రం వద్దని, ఎవరికి పంపినా ముందుగా తనకు చెప్పాలని అంది. అలాగే రాశాను.

ఒక్క చిక్కు తేలలేదు. ఆ ఏడుగురిలో మూడో ఆయన వారి ఫైలులో మా ముత్తాతగారికి దత్తపుత్రుడు, మా ఫైలులో మేనల్లుడు మాత్రమే. పాతదస్తావేజు గారి మాట ప్రకారం రెండూ నిజం కావచ్చు కనుక ఏదీ చెరపలేదు. దత్తత దస్తావేజు రిజిస్టరై ఉంటే నకలు దొరుకుతుందన్న ఆశతో సోమవారం సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి వెళుతున్నాను. పాత సూచికల్లో వెతకడానికి ఏయే వివరాలు పట్టుకెళ్లాలో ఎవరైనా చెబితే కృతజ్ఞుడిని.

పాతదస్తావేజు (గుంటూరు)

ఇద్దరు తండ్రుల పేర్లు, ఊరి పేరు, సుమారుగా ఏ అయిదేళ్లలో జరిగి ఉంటుందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. సంవత్సరం తెలుగు పేరుతోనే తెలిస్తే, పంచాంగం గారిని అడిగి ఆ పేరుకు వచ్చే ఇంగ్లీషు సంవత్సరాలు రెండూ రాసుకోండి. దత్తత పేరుతో సూచికలో కనిపించకపోతే, అదే కాలంలో మీ ముత్తాతగారు రాసిన వీలునామా ఏదైనా ఉందేమో కూడా చూడమని కోరండి. దత్తపుత్రుడని అందులో ప్రస్తావించి ఉండవచ్చు.